చిన్న సర్వరుపై లినక్స్: పాత యంత్రానికి కొత్త వ్యవస్థ

మన విద్యార్థులు సెలవులలో సొంత ఊళ్ళకు వెళ్ళి పెద్దల మాటలు, పాటలు, సామెతలు ధ్వనిముద్రణ చేసి తెస్తున్నారు. హోసూరు, బళ్ళారి, బరంపురం, సిరొంచ, యానాం, ఎక్కడి ముద్రణ అయినా చివరకు ఏదో ఒక కంప్యూటరు డిస్కులోకి చేరవలసిందే. ఆ డిస్కును నడిపే వ్యవస్థ ఏది, అది ఎంతకాలం నడుస్తుంది అన్న ప్రశ్నలు కంప్యూటరు శాఖవారివే కాని మనవి కావని చాలాకాలం అనుకున్నాము. అది పొరపాటని అనుభవం మీద తెలిసింది. తక్కువ ఖర్చుతో ఒక చిన్న సర్వరును లినక్స్‌పై నడిపే తీరును, అందులో తెలుగువారికి ప్రత్యేకంగా ఎదురయ్యే ఒక చిక్కును ఇక్కడ వివరిస్తాము.

సర్వరు అంటే పెద్ద యంత్రమే కానక్కరలేదు. ఇతర కంప్యూటర్లు అడిగినప్పుడు ఫైళ్ళను అందిస్తూ రాత్రింబవళ్ళు మేలుకొని ఉండే ఏ కంప్యూటరైనా సర్వరే. నిర్వాహక వ్యవస్థ అంటే ఆపరేటింగ్ సిస్టమ్. డిస్కు, జ్ఞాపకశక్తి, నెట్‌వర్కు మొదలైన అవయవాలన్నిటినీ పని చేయించే మూల కార్యక్రమం అది. యంత్రంతోపాటు వచ్చిన వ్యవస్థనే వాడాలన్న నియమమేమీ లేదు. ఒక నేల మీద ఒకే భాష మాట్లాడాలన్న నియమం లేనట్లే అనుకోండి. ఈ సంగతి మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

మేము ఉదాహరణగా తీసుకుంటున్నది ఆపిల్ సంస్థ వారి మాక్ మినీ. ఇది 2005 జనవరిలో వెలువడింది, 2006లో ఇంటెల్ ప్రాసెసరుకు మారింది. 2009 అక్టోబరులో రెండు డిస్కులతో దీని సర్వరు రూపం వచ్చింది. 2010 నుంచి దీని ఆకారం 19.7 సెంటీమీటర్ల చదరం, 3.6 సెంటీమీటర్ల ఎత్తు, అంటే రెండు మూడు పుస్తకాలు పట్టే చోటు చాలు. 2012 సర్వరు నమూనాలో నాలుగు కోర్ల ప్రాసెసరు, ఒక్కొక్కటి 1 టెరాబైటు గల రెండు డిస్కులు ఉన్నాయి. అడుగు మూత తిప్పి తీసి జ్ఞాపకశక్తిని 16 గిగాబైట్ల దాకా మనమే పెంచుకోవచ్చు. 2014 అక్టోబరులో వచ్చిన నమూనాలతో సర్వరు రూపం ఆగిపోయింది.

యంత్రం బాగానే ఉన్నా దాని వ్యవస్థకు వయసు మీరుతుంది. 2011 నమూనాకు 2017 నాటి హై సియెర్రా, 2012 నమూనాకు 2019 నాటి కాటలీనా చివరి అధికారిక వ్యవస్థలు. వాటికి భద్రతా సవరణలు కూడా ఆగిపోయాయి. సర్వరు పనులకోసం ఉన్న మాక్ ఓఎస్ సర్వర్ కార్యక్రమంనుంచి 2018లో చాలా సేవలను తొలగించారు. 2022 ఏప్రిల్ 21న ఆ కార్యక్రమాన్నే నిలిపివేశారు. సవరణలు అందని యంత్రాన్ని నెట్‌వర్కుకు కలిపి ఉంచడమంటే తలుపు గడియ పెట్టకుండా ఊరికి వెళ్ళడమే. అలాగని పనిచేసే యంత్రాన్ని పారవేయడం కూడా సమంజసం కాదు. ఇటువంటి చోట లినక్స్ అక్కరకు వస్తుంది. లినస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన ఈ మూలభాగం ఆధారంగా 1993లో ఇయన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్ అనే కూర్పును మేము ఎంచుకున్నాము. ఇది ఉచితం, దీని మూలపాఠం బహిరంగం. రమారమి రెండేళ్ళకొక కొత్త కూర్పు వస్తుంది.

స్థాపన పద్ధతి ఇది. మొదట డిస్కులలో ఉన్న సమస్తాన్నీ వేరే డిస్కుకు ఎక్కించుకోవాలి. యంత్రపు ఫర్మ్‌వేర్ సవరణలు మాక్ ఓఎస్ ద్వారానే వస్తాయి గనుక, పాత వ్యవస్థను చెరిపివేయకముందే వాటిని పూర్తి చేసుకోవాలి. తరువాత డెబియన్ స్థాపక ప్రతిని పెన్ డ్రైవులోకి ఎక్కించి, యంత్రాన్ని ఆన్ చేస్తూనే ఆప్షన్ మీటను నొక్కి పట్టుకుంటే ఏ డిస్కునుంచి మేలుకోవాలో అడుగుతుంది. స్థాపన భాషగా తెలుగును కూడా ఎంచుకోవచ్చు. అయితే అది చిత్రరూప స్థాపకంలోనే కనిపిస్తుంది, ఎందుకంటే ఉత్త అక్షరాల తెరకు మన గుణింతాలు, ఒత్తులు కూర్చడం రాదు. వైఫైకి విడిగా ఫర్మ్‌వేర్ తెచ్చుకోవలసి వస్తుంది గనుక నెట్‌వర్కు తీగను తగిలించి పని మొదలుపెట్టడం మేలు. సర్వరుకు ఎలాగూ తీగే నమ్మకం.

రెండు డిస్కులను దర్పణ పద్ధతిలో, అంటే రెయిడ్ 1 గా కలపాలి. ఒకదానిలో రాసినది రెండవదానిలోనూ పడుతుంది, ఒకటి చెడినా పని ఆగదు. యంత్రాన్ని మేలుకొలిపే చిన్న విభాగం మామూలుగా ఈ దర్పణంలోకి రాదు. దానిని రెండవ డిస్కుపై విడిగా ఏర్పాటు చేయకపోతే, మొదటి డిస్కు చెడిన రోజున సమాచారం ఉండి కూడా యంత్రం లేవదు. రెండు టెరాబైట్లు పెట్టి ఒక టెరాబైటే దక్కుతున్నదని విచారించనక్కరలేదు. సెకనుకు 48,000 నమూనాలతో, 16 బిట్లతో, ఒకే చానెలులో చేసిన ముద్రణ గంటకు సుమారు 346 మెగాబైట్లు. ఆ లెక్కన ఒక టెరాబైటులో 2,800 గంటలకు పైగా పడతాయి.

మన ఊళ్ళలో కరెంటు పోవడం మామూలు. కరెంటు తిరిగి వచ్చినప్పుడు యంత్రం తానుగా లేవాలా వద్దా అన్నది చిప్‌సెట్‌లోని ఒక విలువపై ఆధారపడి ఉంటుంది. లినక్స్‌లో దానిని సెట్‌పీసీఐ అనే ఆదేశంతో మార్చాలి. నమూనాను బట్టి ఆ విలువ వేరు. యంత్రం లేచిన ప్రతిసారీ ఆ ఆదేశం తనంతట నడిచేట్లు రాసి ఉంచాలి. ఇక ఖర్చు మాట. సగటున 15 వాట్లు తీసుకుంటుందనుకుంటే నెలకు సుమారు 11 యూనిట్లు.

ఇప్పుడు మన చిక్కు సంగతి. పాత డిస్కునుంచి ముద్రణలను లినక్స్‌కు మార్చిన మరునాడు ఒక విద్యార్థిని ‘మైసూరు’ అని వెతికితే ఒక్క ఫైలూ దొరకలేదు. ‘చెన్నై’ అని వెతికితే అదీ లేదు. ‘బళ్ళారి’ మాత్రం ఉన్నది. ఆ మైసూరు ముద్రణలలోని వక్తలలో ఇద్దరు అప్పటికే కాలం చేశారు. వారి గొంతులు మరెక్కడా లేవు. మా గుండె జారిపోయింది.

కారణం ఐత్వంలో ఉన్నది. యూనికోడ్‌లో తెలుగు ఐత్వాన్ని రెండు విధాలుగా రాయవచ్చు. ఒకే సంకేతంగా రాయడం ఒక విధం, ఎత్వానికి కింది గుర్తును చేర్చి రెండు సంకేతాలుగా రాయడం రెండవ విధం. కంటికి రెండూ ఒకటే. పాత మాక్ డిస్కుల హెచ్ఎఫ్ఎస్ ప్లస్ పద్ధతి ఫైలు పేర్లను విడగొట్టి రెండవ విధంగా దాచుకుంటుంది. లినక్స్ ఇచ్చిన పేరును ఇచ్చినట్లే ఉంచుతుంది. మీటల పలకపై మనం కొట్టేది మొదటి విధం. కనుక మనం వెతికిన మైసూరు వేరు, డిస్కులో ఉన్న మైసూరు వేరు. తెలుగు గుణింతంలో ఇలా విడిపోయే గుర్తు ఇదొక్కటే, అందుకే బళ్ళారికి బాధ లేకపోయింది. కాన్వ్‌ఎంవీ అనే చిన్న కార్యక్రమం పేర్లన్నిటినీ ఒకే విధానికి మారుస్తుంది. అది నడిపిన తరువాత ఫైళ్ళన్నీ వెతుకులాటకు అందాయి. అవి ఎక్కడికీ పోలేదు, మనమే వాటిని పిలవలేకపోయాము.

చివరిగా రెండు హెచ్చరికలు. దర్పణం భద్రప్రతి కాదు. పొరపాటున ఒక ఫైలును చెరిపితే రెండు డిస్కులలోనూ చెరుగుతుంది. ఆర్‌సింక్ వంటి కార్యక్రమంతో వారానికొకసారి వేరే డిస్కుకు ప్రతి తీసి, ఆ డిస్కును మరొక భవనంలో ఉంచాలి. రెండవది, ఇక్కడ చెప్పిన పద్ధతి పాత ఇంటెల్ నమూనాలకే చెల్లుతుంది. టీ2 చిప్ ఉన్న 2018 నమూనాకు, 2020 నుంచి వచ్చిన ఆపిల్ సొంత ప్రాసెసర్ల నమూనాలకు దారులు వేరు.

యంత్రాలు మారతాయి, వ్యవస్థలు మారతాయి. మనవాళ్ళ మాటలను దాచే బాధ్యత మాత్రం మన చేతిలోనే ఉన్నది. మీ విభాగంలో ఒక మూల దుమ్ముపట్టిన మాక్ మినీ ఉంటే బయటికి తీయండి. ఫైళ్ళను మార్చిన రోజునే ఐత్వమున్న ఒక పేరును వెతికి చూడడం మాత్రం మరచిపోకండి.