ట్రాక్టరు కాలి మీటలు

ట్రాక్టరు కొనునప్పుడు దాని గుర్రపు శక్తి ఎంత, గంటకు డీజిలు ఎంత త్రాగును, ఎన్ని చెక్కల నాగలి లాగును అని రైతు అడుగును. పాదముల క్రింద నున్న నాలుగైదు ఇనుప మీటలను గూర్చి అడుగువారు అరుదు. కాని కాలువ గట్టు దిగునప్పుడు, నిండు ట్రాలీతో వంతెన ఎక్కునప్పుడు మనిషి ప్రాణము ఆ మీటల మీదనే ఆధారపడి యుండును. వీనినే పెడళ్లు అందురు. వీని కట్టుబడి తెలిసినచో ఏది బిగించవలెనో, ఏది వదులుగా నుంచవలెనో మీరే కనిపెట్టవచ్చును.

గునపముతో బండను లేపుట మీకు క్రొత్త కాదు. బండకు దగ్గరగా ఒక చిన్నరాయిని ఆనికగా పెట్టి, గునపము దూరపు కొసను నొక్కుదురు. మీ చేయి మూరెడు దిగిన బండ నాలుగు వ్రేళ్లు మాత్రమే లేచును. అయితే మీరు మోపిన బలము అనేక రెట్లై బండకు చేరును. పెడలు కూడ ఇట్టి గునపమే. ఒక చీల మీద అది తిరుగును. పాదము ఆను పలక ఆ చీలకు దూరముగను, బ్రేకును లాగు కడ్డీ దగ్గరగను ఉండును. పలక 30 సెంటీమీటర్ల దూరమున, కడ్డీ 6 సెంటీమీటర్ల దూరమున ఉన్నవనుకొనండి. 30ని 6 చేత భాగించిన 5 వచ్చును. పాదముతో 20 కిలోల బలము మోపిన కడ్డీని 100 కిలోల బలము లాగును. ఈ లాభము ఊరక రాదు. పాదము 10 సెంటీమీటర్లు దిగిన కడ్డీ 2 సెంటీమీటర్లే కదలును.

చాల తంటాలకు మూలము ఈ లెక్కలోనే యున్నది. కడ్డీ కొసన గల చీల అరిగి, దాని రంధ్రము పెద్దదై, అచట 4 మిల్లీమీటర్ల వదులు ఏర్పడినచో, పాదము వద్ద అది ఐదు రెట్లై 20 మిల్లీమీటర్లగును. అదే కడ్డీకి రెండవ కొసన కూడ అంత వదులున్న 40 మిల్లీమీటర్లు. అనగా పాదము నాలుగు సెంటీమీటర్లు దిగువరకు బ్రేకునకు కబురే అందదు. లైనింగు అరిగినదని వందలు, వేలు ఖర్చు పెట్టుటకు ముందు ఈ చీలలను చేతితో కదల్చి చూడవలెను. చీల వెల స్వల్పము. దానికి వేయు గ్రీజు వెల ఇంకను స్వల్పము. దమ్ము చేసిన ట్రాక్టరుకు బురద చేరునది మొట్టమొదట ఈ చీలలలోనే.

ఎడమ పాదము క్రిందిది క్లచ్చి పెడలు. ఇంజను నుండి గేరుపెట్టెకు పోవు శక్తిని ఇది తెగగొట్టును. ఇంజను వెనుక బరువైన గుండ్రని ఫ్లైవీలు, దానికి ఆనుకొని క్లచ్చి ప్లేటు, ఆ ప్లేటును గట్టి స్ప్రింగుల బలముతో అదిమి పట్టు ఒక ఇనుప బిళ్ల ఉండును. పెడలు నొక్కినప్పుడు ఒక బేరింగు ముందుకు జరిగి వ్రేళ్ల వంటి చిన్న మీటల కొసలను త్రోయును. ఆ మీటలు బిళ్లను వెనుకకు లాగగా ప్లేటుకు విడుదల కలుగును. పాదము తీసినప్పుడు ఆ బేరింగునకును వ్రేళ్లకును నడుమ కొంచెము ఎడము మిగిలియుండవలెను. ఆ ఎడమే పెడలు వద్ద వదులుగా, అనగా బరువు తగులక ముందు పెడలు ఊరకనే దిగు దూరముగా తెలియును. చాల ట్రాక్టర్లలో ఇది 20 నుండి 30 మిల్లీమీటర్ల వరకు ఉండును. మీ ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకములోని అంకెనే మీరు పాటించవలెను.

ఇచట రైతులను తికమక పెట్టు విషయమొకటి కలదు. బ్రేకు అరిగినకొలది బ్రేకు పెడలు వదులు పెరుగును. క్లచ్చి అరిగినకొలది దాని పెడలు వదులు తగ్గును! కారణము కష్టమైనది కాదు. ప్లేటు పలుచబడినకొలది ఇనుప బిళ్ల ఫ్లైవీలు వైపునకు జరుగును. బిళ్లకు తగిలించిన వ్రేళ్ల రెండవ కొసలు, తక్కెడ దండె వలె, ఎదురు దిక్కునకు, అనగా బేరింగు వైపునకు వచ్చును. ఎడము కొంచెము కొంచెముగా హరించును. తుదకు బేరింగు వ్రేళ్లను ఎల్లవేళల నొక్కుచునే యుండును. పెడలు ఎవరును త్రొక్కకున్నను కొంత త్రొక్కినట్లే యగును. అప్పుడు ప్లేటు జారును; ఇంజను అరచును గాని నాగలి కదలదు; కాలిన వాసన వచ్చును. కావున క్లచ్చి పెడలు వదులు లేక బిగువుగా నున్నదని సంతోషింపరాదు. బిగువుగా నుండుట దాని జబ్బు.

బండి నడుచునప్పుడు ఎడమ పాదమును పెడలు మీదనే ఆన్చి యుంచు డ్రైవర్లు ఇదే జబ్బును చేజేతుల తెచ్చిపెట్టుదురు. పాదము బరువు కొద్దిదే కావచ్చును. కాని అది కూడ గునపము లెక్కన పెరిగియే లోపలికి పోవును. పాదమునకు వేరుగా ఆనిక పలక యున్నది అందులకే.

వదులు కొలుచుటకు పనిముట్లేమియు అక్కరలేదు. ఇంజను ఆపి, పెడలు ప్రక్కన బడిపిల్లల స్కేలు నిలబెట్టి, పెడలును చేతితో నొక్కండి. చేతికి బరువు తగులువరకు ఎన్ని మిల్లీమీటర్లు దిగినదో చూడండి. తగ్గిన యెడల కడ్డీకి గల బిగింపు నట్టును సడలించి, కడ్డీ పొడవును సరిచేసి, మరల నట్టును బిగించవలెను. ఈ పనికి పది నిముషములు చాలును. రెండంచెల క్లచ్చి గల ట్రాక్టర్లలో పెడలు సగము నొక్కిన చక్రములు ఆగును, పూర్తిగా నొక్కిన రోటవేటరు త్రిప్పు షాఫ్టు కూడ ఆగును. వీనికి కొలత తప్పినచో పెడలు అడుగంట నొక్కినను షాఫ్టు తిరుగుచునే యుండవచ్చును. తిరుగు షాఫ్టు దగ్గరకు మనిషి పోరాదని వేరుగ చెప్పనక్కరలేదు.

కుడి పాదము క్రింద బ్రేకు పెడళ్లు రెండుండును. కారుకు ఒకటే యుండగా ట్రాక్టరుకు రెండేల? వెనుక చక్రములు రెండింటికి వేర్వేరుగా బ్రేకు వేయుటకు. చాలు చివర మళ్లునప్పుడు లోపలి చక్రమును ఆపిన, ట్రాక్టరు దాని చుట్టు తిరిగి చిన్న చోటనే మళ్లును. ఒక చక్రము బురదలో ఊరక తిరుగుచున్నప్పుడు దానికి మెల్లగా బ్రేకు వేసినచో శక్తి రెండవ చక్రమునకు మరలును. పొలములో ఇది ఎంత ఉపకారమో రోడ్డు మీద అంత అపకారము. వేగముగా పోవునప్పుడు ఒక పెడలు మాత్రమే పాదమునకు అందినచో ఒక వెనుక చక్రము ఆగి, రెండవది పరుగెత్తి, ట్రాక్టరు ఒక్కసారిగా ప్రక్కకు తిరుగును. వెనుక ట్రాలీ బరువు త్రోయుచుండగా బోర్లపడుటకు క్షణము చాలును.

ఈ ఆపద తప్పించుటకే రెండు పెడళ్లను కలిపి బంధించు గొళ్లెము ఏర్పాటు చేసినారు. పొలము దాటి రోడ్డు ఎక్కకముందే గొళ్లెము వేయవలెను. దమ్ము సాలున ఊడదీసిన గొళ్లెము కోతల వరకు వ్రేలాడుచుండుట, లేదా తుప్పు పట్టి కదలకుండుట పల్లెలలో సర్వసాధారణము. ఊరిలో ఒకే ట్రాక్టరును పలువురు నడుపు చోట్ల, బాడుగ కేంద్రములలోను, తాళపుచెవి అప్పగించు వ్యక్తి ముందు ఈ గొళ్లెమును చూచుట మంచిది. గ్రామోద్యోగులు తమ పరిధిలో ఈ ఒక్క అలవాటు చేయించినను గొప్ప మేలగును.

గొళ్లెము వేసినంత మాత్రమున చాలదు. రెండు బ్రేకులును సమముగా పట్టవలెను. చదునైన మట్టి బాట మీద, మనుషులు లేనిచోట, ట్రాలీ లేకుండ మెల్లగా నడిపి, గొళ్లెము వేసిన పెడళ్లను నొక్కి ఆపి, దిగి చక్రముల జాడలు చూడండి. రెండు జాడలు సమముగా నున్న సరి. ఒకటి పొడవుగ గీచుకొనిపోయి రెండవది గీయకున్నచో రెండు కడ్డీలను సరిచేయించవలెను.

పొడి బ్రేకులు గల పాత ట్రాక్టర్లలో దమ్ము చేసినప్పుడు నీరు, బురద లోనికి పోవును. తడిసిన లైనింగు పట్టదు. మడి నుండి గట్టు ఎక్కిన పిదప మొదటి గేరులో నెమ్మదిగా పోవుచు పెడళ్లను రెండు మూడు సార్లు తేలికగా నొక్కిన, రాపిడి వేడికి తడి ఆరును. నూనెలో మునిగి పనిచేయు బ్రేకులు గల ట్రాక్టర్లకు ఈ బాధ చాలవరకు లేదు. నూనె గొట్టముల ద్వారా పనిచేయు బ్రేకులలో పెడలు దూదిమూట వలె మెత్తగా దిగుచున్నచో గొట్టములో గాలి చేరినదని తెలియవలెను. నూనె నొక్కిన నలుగదు, గాలి నలుగును. మీ పాదబలము ఆ గాలిని నలుపుటకే సరిపోవును.

పెడలు పలక మీది గరుకు గీతలు, రబ్బరు తొడుగు అలంకారమునకు కాదు. మడిలో నుండి వచ్చిన పాదమునకు అంగుళము మందము బురద యుండును. నున్నగా అరిగిన పలక మీద అట్టి పాదము జారి, నొక్కిన క్లచ్చి ఒక్కసారిగా విడిపోయిన, ముందు చక్రములు గాలిలోనికి లేచి ట్రాక్టరు వెనుకకు పల్టీ కొట్టవచ్చును. రెండు సెకన్లలో ముగిసిపోవు ఆ పనిని ఏ డ్రైవరును ఆపలేడు. కాబట్టి ఎక్కకముందు పాదములు తుడుచుకొనవలెను. మంచినీళ్ల సీసా, స్పానరు, గొలుసు పెడళ్ల దగ్గర పడవేయరాదు. దొర్లి బ్రేకు క్రింద చేరిన సీసా పెడలును దిగనీయదు. పొట్టివాడు నడుపునప్పుడు సీటును ముందుకు జరుపవలెను. పెడలు అడుగంట నొక్కినప్పుడు కూడ మోకాలు కొంచెము వంగియే యుండవలెను.

అమెరికాలో 1908 నుండి 1927 వరకు తయారైన ఫోర్డు మాడల్ టి కారునకు కూడ మూడు పెడళ్లుండెను. కాని ఎడమది గేరు మార్చుటకు, నడిమిది వెనుకకు పోవుటకు, కుడిది బ్రేకునకు. వేగము పెంచుట చేతి మీటతో. నేడు ఎచట చూచినను క్లచ్చి ఎడమ, బ్రేకు నడుమ, వేగపు పెడలు కుడి. ఈ వరుసలో ఒక తెలివి యున్నది. వేగమునకును బ్రేకునకును కుడి పాదమొకటే గనుక, బ్రేకు మీదికి పాదము పోయిన తక్షణము వేగము తగ్గును. ట్రాక్టరుకు మాత్రము వేగపు చేతి మీట అదనముగా నున్నది. పొలములో అది అవసరమే. దానిని దించకుండ రోడ్డు ఎక్కినచో, పెడలు మీద పాదము తీసినను ఇంజను వేగము తగ్గదు, బ్రేకుతో పోరాడుచుండును. రోడ్డుపై చేతి మీటను పూర్తిగా దించి కాలి పెడలునే వాడవలెను.

ట్రాలీతో పల్లము దిగునప్పుడు క్లచ్చి నొక్కరాదు, గేరు తీయరాదు. చిన్న గేరులో ఇంజనే బరువును పట్టి యుంచును. క్లచ్చి నొక్కిన ఆ పట్టు పోయి, మొత్తము బరువు బ్రేకుల మీద పడును. మన ట్రాలీలలో పెక్కింటికి సొంత బ్రేకులు లేవు. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా లక్ష్మాపురము వద్ద కూలీలతో పోవుచున్న ట్రాక్టరు మూసీ కాలువలో పడి పదిమందికి పైగా చనిపోయిరి. వారిలో ఎక్కువమంది స్త్రీలే. ఆ ప్రమాదమునకు కారణము పెడళ్లని ఇచట చెప్పుట లేదు. బస్తాలకై చేసిన ట్రాలీలో మనుషులను ఎక్కించినప్పుడు ఏ చిన్న లోపమునకైనను ఎంత మూల్యము చెల్లింపవలసి వచ్చునో చెప్పుటకే దీనిని పేర్కొనుట.

పని లేని నెలలలో ట్రాక్టరును కొట్టములో పెట్టునప్పుడు క్లచ్చి ప్లేటు తేమకు ఫ్లైవీలును కరచుకొనును. తరువాత పెడలు ఎంత నొక్కినను గేరు పడదు. దీనికి సులభమైన ఉపాయము కలదు. క్లచ్చి పెడలును పూర్తిగా నొక్కి, అది పైకి లేవకుండ తగిన కర్రముక్కను అడ్డము పెట్టి యుంచవలెను. ఆ సంగతి ఒక చీటీ మీద వ్రాసి స్టీరింగునకు కట్టిన, తరువాత ఎక్కువాడు కర్ర తీసి మరీ ఇంజను వేయును.