ఉచిత విండోస్ – గడువు

2015 జూలై 29వ తేదీన మైక్రోసాఫ్టువారు విండోస్ 10 ను విడుదల చేయుచు, విండోస్ 7, 8.1 గల గృహస్థులకు ఒక సంవత్సరము వఱకు దానిని ఉచితముగా నిత్తుమని ప్రకటించిరి. దినములు దగ్గఱపడినకొలది పలువురిని సందేహములు పీడించెను. పాత యంత్రము దీనిని భరించునా? ఇంటి ప్రింటరు పనిచేయునా? నేడు వలదన్నచో రేపు వెల యీయవలసి వచ్చునే!

శ్రోతలారా, ఇందొక కిటుకు ఉండెను. గడువులోపల ఒక్కసారి క్రొత్తదానిని ఎక్కించినచో, ఆ యంత్రమునకు హక్కు కలిగినట్లు మైక్రోసాఫ్టువారి లెక్కలో నమోదయ్యెడిది. ఆ హక్కు మనిషిది కాదు, యంత్రముది. మదర్‌బోర్డు మార్చినచో అది చెడవచ్చును. క్రొత్తది నచ్చనివారు నాడు నెలలోపల పాతదానికి మరలఁగలిగెడివారు. మరలినను హక్కు పోయెడిది కాదు. గడువు దాటిన పిమ్మటను వెల లేకయే మఱల ఎక్కించుకొనవచ్చును. కావున నాటి తొందర హక్కునకే గాని వాడుకకుఁ గాదు. ఫోటోలను, కాగితములను మాత్రము ముందుగా వేఱొక డిస్కులోనికి నకలు తీసికొనవలసి యుండెను.

ఊరకున్నవారి గతి వేఱు. 2016 మే నెలలో, తెరపై వచ్చిన ప్రకటనను మూయు గుర్తును నొక్కినను, అందు నిర్ణయించిన వేళకు మార్పు జరిగిపోయెడిది. తలుపు మూసికొని పండుకొన్నవానికి తెల్లవాఱుసరికి ఇల్లే మాఱినట్లయ్యెను! విమర్శలు రాఁగా, జూన్ నెలాఖరున ఆ పద్ధతిని మార్చిరి.

2016 జూలై 29న గడువు ముగిసినది. వికలాంగుల సహాయక సాధనములు వాడువారికి మాత్రము 2017 డిసెంబరు 31 వఱకు పొడిగించిరి.