లక్ష్మాగౌడ్ ముద్రణ చిత్రాలలో స్వప్నలోకం - ప్రతీకవాద నేపథ్యం

ప్రవేశిక:
19వ శతాబ్ది చివరలో ఫ్రాన్సులో రూపుదిద్దుకొన్న ప్రతీకవాదం, బాహ్యప్రపంచాన్ని ఉన్నదున్నట్లు చూపడంకన్నా అంతరంగాన్ని స్ఫురింపజేయడమే కళాలక్ష్యమని భావించింది. బోదిలేర్, మలార్మేల కవిత్వం ద్వారా ఈ వాదం తెలుగు సాహిత్య పరిశోధకులకు సుపరిచితమే. చిత్రకళలో దీనికి ప్రముఖ ప్రతినిధి ఒడిలాన్ రెడాన్ (1840-1916). తెలుగు ఆధునిక చిత్రకళలో స్వప్నసదృశమైన లోకాన్ని సృష్టించినవారిలో కె. లక్ష్మాగౌడ్ ముఖ్యులు. ఆయన చిత్రాలను ‘అధివాస్తవికత’ అనే ఒక్క మాటతో వివరించడం ఎంతవరకు సమంజసమో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

రెడాన్ - నలుపులోని కల:
రెడాన్ తన బొగ్గు చిత్రాలను, లిథోగ్రాఫులను ‘నలుపులు’ అని పిలుచుకొన్నాడు. ఆయన తొలి లిథోగ్రాఫ్ సంపుటి ‘కలలో’ 1879లో వెలువడింది. ఆకాశంలోకి బెలూనులా లేచే కన్ను, నవ్వే సాలెపురుగు, మానవముఖం గల మొక్క ఆయన సృష్టించిన ప్రతీకలు. అయితే ఇవి నిరాధార కల్పనలు కావు. వృక్షశాస్త్రజ్ఞుడు ఆర్మాండ్ క్లావో స్నేహం వల్ల సూక్ష్మజీవుల, మొక్కల నిర్మాణాన్ని ఆయన శ్రద్ధగా గమనించాడు. తరువాతి కాలపు అధివాస్తవికులకు ఆయన పూర్వగామిగా నిలిచాడు.

లక్ష్మాగౌడ్ - పల్లె జ్ఞాపకం:
లక్ష్మాగౌడ్ 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో జన్మించారు. హైదరాబాదులో చిత్రకళను అభ్యసించి, 1963-65 మధ్య బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ వద్ద కుడ్యచిత్రకళను నేర్చుకొన్నారు. ముద్రణకళ పట్ల ఆసక్తి కూడా అక్కడే బలపడింది. ఆయన ఎచ్చింగులలో మనుషులు, మేకలు, చెట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. శృంగారం నాగరిక సంకోచం లేకుండా ప్రకృతిలో భాగంగా కనిపిస్తుంది.

ఈ స్వప్నచ్ఛాయకు సాంకేతిక కారణం కూడా ఉన్నది. ఎచ్చింగులో ఆమ్లం లోహఫలకంపై సన్నని గీతలను తొలుస్తుంది. ఆక్వాటింట్ పద్ధతిలో ఫలకంపై అతికించిన రోజిన్ పొడి రేణువుల మధ్య ఆమ్లం తినివేయడం వల్ల బూడిదరంగు ఛాయలు ఏర్పడతాయి. ఆమ్లంలో ఉంచిన సమయాన్ని బట్టి నలుపు చిక్కనవుతుంది. గీత స్పష్టతనిస్తే, ఛాయ ఆ స్పష్టతను మసకబారుస్తుంది. పరిచితమైన పల్లె కలగా మారేది ఇక్కడే.

సామ్య భేదాలు:
ఒకరి ప్రభావం మరొకరిపై ఉన్నదని నిరూపించడం ఈ పోలిక లక్ష్యం కాదు. నలుపును భావవాహికగా స్వీకరించడం, ప్రకృతి పరిశీలన నుంచే అద్భుతాన్ని సాధించడం ఇద్దరిలోని సామ్యాలు. రెడాన్ స్వప్నం ఏకాంతం నుంచి పుట్టింది. అందులోని ఆకృతులు తరచు శూన్యంలో తేలుతాయి. లక్ష్మాగౌడ్ స్వప్నం సమూహజీవితం నుంచి పుట్టింది. అందులోని ఆకృతులు నేలను విడిచిపోవు.

ముగింపు:
లక్ష్మాగౌడ్ చిత్రాలలోని కల వాస్తవం నుంచి పలాయనం కాదు, పల్లె జ్ఞాపకానికి రూపాంతరం. పాశ్చాత్య వాదాల పేర్లు ఆయన కళను సమీపించడానికి తోడ్పడతాయే గాని, దాని మూలాన్ని వివరించలేవు. ఆ మూలాన్ని నిజాంపూర్ నేలలోనే వెదకాలి. తెలుగు కవిత్వంలోని ప్రతీకలను అధ్యయనం చేసేవారికి కూడా ఈ వివేచన ఉపకరిస్తుంది.