మీకు జాబ్ వస్తే.. మీ టీమ్‌ని ఎవరు ఆడిస్తారు?

ప్రతి కాలనీలో, ప్రతి ఊళ్లో ఓ క్రికెట్ టీమ్ ఉంటుంది. నాలుగైదేళ్లు కప్పులు కొడుతుంది. సీనియర్లకు ఉద్యోగాలు రాగానే ఉన్నట్టుండి మాయమైపోతుంది. ఎందుకంటే వెనకాల జూనియర్లను ఎవరూ తయారు చేయరు. ఆ పని ఎలా చేయాలి? చేసినవారికి కెరియర్‌లో ఏం కలిసొస్తుంది?

ఏదైనా ఆదివారం గ్రౌండ్‌కి వెళ్లి ఒక మ్యాచ్ మొత్తం చూడండి. టీమ్‌లో పదకొండు మంది ఉంటారు. నిజంగా ఆడేది ఆరుగురే. బ్యాటింగ్ నలుగురిది, బౌలింగ్ ముగ్గురిది. మిగిలినవారిలో ఇద్దరో ముగ్గురో తొమ్మిది, పదో తరగతి పిల్లలు ఉంటారు. బౌండరీ దగ్గర నిలబడి బాల్ తేవడం, డ్రింక్స్ మోయడం, పదో నంబర్‌లో ప్యాడ్లు కట్టుకుని కూర్చోవడం.. ఇవీ వాళ్ల డ్యూటీలు. వాళ్ల వంతు వచ్చేసరికి ఓవర్లే అయిపోతాయి.

ఆ పిల్లాడు ఏడాది పాటు ఓపిక పడతాడు. తర్వాత పదో తరగతి పరీక్షలు, ఇంటర్, ఈఏపీసెట్ కోచింగ్ వచ్చేస్తాయి. ‘ఆట ఎందుకురా ఇక’ అని ఇంట్లో అంటే ఎదురు చెప్పడానికి వాడి దగ్గర ఏమీ ఉండదు. మ్యాచ్‌లో ఆడింది ఉంటే కదా! నెమ్మదిగా మానేస్తాడు. రెండేళ్లకు సీనియర్లు బెంగళూరుకో, హైదరాబాద్‌కో, అమెరికాకో వెళ్లిపోతారు. కిట్ బ్యాగ్ ఎవరింట్లోనో మూలన పడుతుంది.

ఐదొందల రూపాయల మ్యాచ్

మహ్మద్ సిరాజ్ కథ తెలియనివారు తక్కువ. హైదరాబాద్‌లో ఆటో డ్రైవర్ కొడుకు. అకాడమీ ఫీజులు కట్టే స్తోమత లేక టెన్నిస్ బాల్‌తోనే పెరిగాడు. క్రికెట్‌లో అతని మొదటి సంపాదన 500 రూపాయలు. అది ఒక క్లబ్ మ్యాచ్. కెప్టెన్ అతని మేనమామే. 25 ఓవర్ల ఆటలో సిరాజ్ 20 పరుగులిచ్చి 9 వికెట్లు తీశాడు. సంతోషం పట్టలేక మేనమామ ఆ డబ్బు చేతిలో పెట్టాడు. ఈ సంగతి సిరాజ్ చాలాసార్లు చెప్పుకొచ్చాడు.

ఆ తర్వాతిది అందరికీ తెలిసిందే. 2015లో రంజీ అరంగేట్రం. 2016-17 సీజన్‌లో 41 వికెట్లు. 2017 ఐపీఎల్ వేలంలో 2.6 కోట్లు. 2020 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో తొలి టెస్టు. 2023 ఆసియా కప్ ఫైనల్లో 21 పరుగులకు 6 వికెట్లు. 2024లో తెలంగాణ ప్రభుత్వం డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది.

తిలక్ వర్మదీ ఇలాంటి కథే. తండ్రి ఎలక్ట్రీషియన్. పాతబస్తీ గ్రౌండ్‌లో టెన్నిస్ బాల్ ఆడుతుంటే కోచ్ సలామ్ బయాష్ కంట్లో పడ్డాడు. లింగంపల్లి అకాడమీ దూరమని తన బండి మీదే ఎక్కించుకుని తీసుకెళ్లాడాయన.

ఈ రెండు కథల్లోనూ ఆటగాడి టాలెంట్ గురించే మాట్లాడుకుంటాం. కానీ బంతి చేతికిచ్చిన కెప్టెన్, బండి ఎక్కించుకున్న కోచ్ లేకపోతే ఆ టాలెంట్ బయటపడేదా? అందరూ సిరాజ్‌లు కారు. మీ టీమ్‌లోని జూనియర్ కూడా కాకపోవచ్చు. అయినా వాడికి పది ఓవర్ల ఆట దక్కాలంటే మాత్రం ఇవ్వాల్సింది మీరే.

ఛాన్స్ అంటే ఆఖరి ఓవర్ కాదు

‘మేం జూనియర్లకి ఛాన్సులిస్తాం కదా’ అంటారు చాలామంది కెప్టెన్లు. మూడు బంతుల్లో పన్నెండు కొట్టాల్సినప్పుడు పంపడం ఛాన్స్ కాదు. గెలిస్తే లక్, ఓడితే వాడి తప్పు. అక్కడ పిల్లాడు నేర్చుకునేది ఏమీ లేదు. దానికి బదులు ఇలా చేసి చూడండి.

*మ్యాచ్‌లను రెండు రకాలుగా విడదీయండి.* ఎంట్రీ ఫీజు కట్టిన టోర్నీలో బెస్ట్ టీమ్‌ని దించండి, తప్పులేదు. ఫ్రెండ్లీ మ్యాచ్‌లో మాత్రం ఇద్దరు జూనియర్లు తప్పనిసరి అని రూల్ పెట్టుకోండి. ఒకరు మొదటి నలుగురిలో బ్యాటింగ్‌కి రావాలి. ఇంకొకరు కనీసం మూడు ఓవర్లు వేయాలి. ముప్పై కొట్టిన సీనియర్ రిటైర్ అయి కిందికి రావాలి. ఈ పేర్లు టాస్‌కి ముందే రాసి పెట్టుకోవాలి. మ్యాచ్ వేడిలో నిర్ణయిస్తే ఎప్పుడూ సీనియర్‌కే ఓటు పడుతుంది.

*జతగా పంపండి.* జూనియర్ క్రీజులో ఉన్నప్పుడు అవతలి ఎండ్‌లో నిదానంగా ఆడే సీనియర్ ఉండాలి. ఓవర్‌కి ఓవర్‌కి మధ్య చెప్పే రెండు ముక్కలే అసలైన కోచింగ్. ‘వీడు బయటికి తిప్పుతున్నాడు, వదిలేయ్’ లాంటి మాట వంద నెట్ సెషన్లతో సమానం. ఫీల్డింగ్‌లోనూ బౌండరీ నుంచి తెచ్చి పాయింట్‌లో, కవర్స్‌లో నిలబెట్టండి.

*తిట్లు గ్రౌండ్‌లో వద్దు.* క్యాచ్ వదిలేస్తే పది మంది ఒకేసారి అరవడం మనకు అలవాటు. తర్వాతి క్యాచ్ వాడి దగ్గరికి రాకూడదని వాడే దండం పెట్టుకుంటాడు. మ్యాచ్ అయ్యాక ఒక్కరే, పక్కకి పిలిచి చెప్పాలి. చెప్పేది ఒకే ఒక్క విషయం అయి ఉండాలి.

వెన్ను జాగ్రత్త!

కాస్త స్పీడ్‌గా వేసే పద్నాలుగేళ్ల కుర్రాడు దొరికితే కెప్టెన్‌కి పండగే. వరుసగా ఎనిమిది ఓవర్లు వేయించేస్తాడు. ఇక్కడే పెద్ద ప్రమాదం ఉంది. ఆ వయసులో ఎముకలు ఇంకా గట్టిపడవు. బౌలింగ్‌లో నడుము ఒకేసారి వంగుతూ, మెలి తిరుగుతూ ఉంటుంది. ఆ భారం పదేపదే పడితే నడుము దగ్గరి వెన్నుపూసలో సన్నని చీలిక వస్తుంది. నెలల తరబడి ఆటకు దూరం కావాల్సి వస్తుంది.

అందుకే ఇంగ్లండ్ క్రికెట్ బోర్డు ఫాస్ట్ బౌలర్లకు వయసు వారీగా పరిమితులు పెట్టింది. 13 ఏళ్ల లోపు పిల్లలు ఒక స్పెల్‌లో 5 ఓవర్లు, రోజుకి 10 దాటకూడదు. అండర్-14, 15లకు స్పెల్‌కి 6, రోజుకి 12. అండర్-16 నుంచి 19 వరకు స్పెల్‌కి 7, రోజుకి 18. ఈ పట్టికను ఫోన్‌లో పెట్టుకోండి. ఒక్క మీ మ్యాచ్ ఓవర్లే లెక్కేస్తే సరిపోదు. అదే వారంలో స్కూల్ మ్యాచ్‌లో, నెట్స్‌లో ఎన్ని వేశాడో కూడా అడగాలి. నడుము నొప్పి అన్నాడంటే ‘స్ప్రే కొట్టి వేయి’ అనకూడదు. బౌలింగ్ ఆపించి డాక్టర్‌కి చూపించమని ఇంట్లోవాళ్లకు చెప్పాలి.

టెన్నిస్ నుంచి లెదర్‌కి

మన దగ్గర ఎక్కువ మంది టెన్నిస్ బాల్‌తోనే మొదలుపెడతారు. మామూలు టెన్నిస్ బాల్ 60 గ్రాముల లోపే. పెద్దల లెదర్ బాల్ 156 నుంచి 163 గ్రాములు. బరువే కాదు, ఆట తీరే మారిపోతుంది. టెన్నిస్ బాల్ పిచ్ పడగానే పైకి లేస్తుంది కాబట్టి బౌలర్ యార్కర్లకే అలవాటు పడతాడు. బ్యాటర్ కాలు పక్కకి తీసి అడ్డంగా ఊపేస్తాడు. లెదర్ బాల్‌కి సీమ్ ఉంటుంది, గుడ్ లెంగ్త్‌లో పడితేనే పని చేస్తుంది. అడ్డంగా ఊపిన బ్యాట్‌కి ఎడ్జ్ తప్పదు.

కాబట్టి జూనియర్‌ని ఒకేసారి టోర్నీలోకి తోసేయకండి. మొదట దగ్గరి నుంచి మెల్లగా విసిరే లెదర్ బంతులు ఆడించండి. భయం పోయాక నెట్స్, ఆ తర్వాతే మ్యాచ్. 13 ఏళ్ల లోపు వారికి 133-144 గ్రాముల చిన్న బంతి నిబంధనల్లోనే ఉంది, అదే వాడండి. హెల్మెట్, గార్డ్ లేకుండా లెదర్ బాల్ ముందు ఎవర్నీ నిలబెట్టొద్దు. టీమ్ డబ్బులతో కొనే మొదటి వస్తువు కొత్త జెర్సీ కాదు, పిల్లలకు సరిపోయే హెల్మెట్.

పొట్టివాడని తీసేయొద్దు

బీసీసీఐ వయసు విభాగాలకు కటాఫ్ సెప్టెంబరు 1. సెప్టెంబరులో పుట్టినవాడూ, తర్వాతి ఆగస్టులో పుట్టినవాడూ ఒకే విభాగంలో ఆడతారు. ఇద్దరి మధ్య తేడా దాదాపు ఏడాది. పదమూడేళ్ల వయసులో ఏడాదంటే రెండు మూడు అంగుళాల ఎత్తు, బోలెడంత బలం. అందుకే సెలక్షన్స్‌లో ముందు పుట్టినవాళ్లే ఎక్కువగా మెరుస్తారు. ‘సిక్స్ కొట్టలేకపోతున్నాడు’ అని ఇవాళ పక్కన పెట్టిన పిల్లాడు రెండేళ్లలో అందర్నీ దాటొచ్చు. బలం కన్నా బంతిని ఎంత త్వరగా అంచనా వేస్తున్నాడో చూడండి.

ఇంకో మాట. టోర్నీ కోసం వయసు తగ్గించి రాయించే అలవాటు చాలాచోట్ల ఉంది. అండర్-16 స్థాయిలో మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూస్తారు. తప్పుడు పుట్టిన తేదీ చూపించి దొరికితే రెండేళ్ల నిషేధం. కప్పు మీ టీమ్‌కి, శిక్ష ఆ పిల్లాడికి!

అమ్మాయిలు ఆడతామని వస్తే ‘సరదాకి’ అని తీసిపారేయకండి. భద్రాచలంలో పుట్టిన గొంగడి త్రిష 2025 అండర్-19 ప్రపంచకప్‌లో ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్. కడప జిల్లా శ్రీచరణి అదే ఏడాది వన్డే ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉంది.

తర్వాతి మెట్టు చూపించండి

బాగా ఆడే జూనియర్‌ని మీ టీమ్‌లోనే కట్టేసుకోవద్దు. ఆంధ్రలో జిల్లా క్రికెట్ సంఘాల సెలక్షన్స్, హైదరాబాద్‌లో క్లబ్ లీగ్‌లు అసలు దారి. అక్కడి నుంచి అండర్-16లో విజయ్ మర్చంట్, అండర్-19లో వినూ మన్కడ్, కూచ్ బెహార్, ఆపై సీకే నాయుడు ట్రోఫీ, రంజీ. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 2017-18 విజయ్ మర్చంట్ ట్రోఫీలో 1237 పరుగులు చేసి వెలుగులోకి వచ్చాడు. 2024 డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో సెంచరీ కొట్టాడు. సెలక్షన్స్ తేదీ తెలియక ఆగిపోయేవాళ్లు ఎందరో. ఆ తేదీలు కనుక్కుని పిల్లాడి ఇంట్లో చెప్పడం సీనియర్ చేయగలిగిన పెద్ద సాయం.

మరి మీకేంటి లాభం?

ముందు ఓ భ్రమ వదిలేద్దాం. ‘ఆల్ ఇండియా’ అని పేరు పెట్టిన ప్రైవేటు టోర్నీల సర్టిఫికెట్లు స్పోర్ట్స్ కోటాకి పనికిరావు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లో గానీ, యూనివర్సిటీ తరఫున ఇంటర్ యూనివర్సిటీ టోర్నీల్లో గానీ ఆడి ఉండటం లాంటివే లెక్కలోకి వస్తాయి. డిగ్రీలో ఉన్నవారు యూనివర్సిటీ జట్టు ట్రయల్స్ వదులుకోవద్దు.

ఆటగాడిగా అంతవరకు వెళ్లకపోయినా పిల్లలకు నేర్పడం నచ్చితే దారులున్నాయి.

- పీఈసెట్ రాసి బీపీఈడీ, డీపీఈడీ చేస్తే స్కూళ్లలో వ్యాయామ విద్య ఉద్యోగాలు.
- పటియాలాలోని ఎన్‌ఐఎస్ నిర్వహించే ఆరు వారాల సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులతో కోచింగ్ వైపు వెళ్లొచ్చు.
- రాష్ట్ర సంఘాలు పెట్టే పరీక్షలతో అంపైర్, స్కోరర్ కావొచ్చు. లెక్కలు, ల్యాప్‌టాప్ మీద పట్టున్నవారికి వీడియో అనలిస్ట్ పని.

ఈ రంగంలోకి రాకపోయినా ఫర్వాలేదు. ఇంటర్వ్యూలో ‘క్రికెట్ టీమ్ కెప్టెన్‌ని’ అంటే బోర్డు తల ఊపి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోతుంది. అదే ‘మా టీమ్‌లో స్కూల్ పిల్లలు ఆడకుండానే మానేస్తున్నారు. ప్రతి ఫ్రెండ్లీలో ఇద్దరికి చోటు అని రూల్ పెట్టాం. సీనియర్లు మొదట ఒప్పుకోలేదు. ఎలా ఒప్పించానంటే..’ అని చెప్పండి. ఎదుటివాళ్లు ముందుకి వంగి వింటారు. సమస్య, నిర్ణయం, వ్యతిరేకత, ఫలితం అన్నీ అందులో ఉన్నాయి. ఎవరెన్ని బంతులు ఆడారు, ఎన్ని ఓవర్లు వేశారు, ఎవరు మానేశారు.. ఒక నోట్‌బుక్‌లో రాస్తూ రండి. అంకెలు మీ మాటకు బలం.

పరీక్షల నెలల్లో పిల్లలకు సెలవిచ్చేయండి. ‘అన్నా, పరీక్షలయ్యాక వస్తా’ అన్నవాడిని ఏప్రిల్‌లో మీరే ఫోన్ చేసి పిలవండి. ఫైనలియర్‌లో ఉన్నారా? అయితే ఇప్పుడే ఇద్దరు జూనియర్లను వైస్ కెప్టెన్లుగా పెట్టండి. గ్రౌండ్ బుకింగ్, డబ్బుల లెక్క, టీమ్ లిస్ట్ ఒక్కొక్కటిగా వాళ్ల చేతికి ఇవ్వండి. ఆఫర్ లెటర్ వచ్చిన రోజు కిట్ బ్యాగ్ ఎవరికి ఇవ్వాలో వెతుక్కునే పని ఉండదు.