మంగు మచ్చకు మందు రాసే ముందు: చర్మం నల్లబడటానికి కారణాలు, చికిత్సలు

పుదుచ్చేరి: మెడ వెనుక నల్లని పట్టీ కనిపిస్తే మురికి అనుకొని పీచుతో రుద్దుతాం. బుగ్గపై మంగు మచ్చ తేలితే మందుల దుకాణానికి వెళ్లి మచ్చల క్రీము అడుగుతాం. మొదటి సందర్భంలో ఆ నలుపు మధుమేహానికి ముందస్తు హెచ్చరిక కావచ్చు. రెండో సందర్భంలో కొని తెచ్చిన క్రీమే కొత్త వ్యాధికి మూలం కావచ్చు. చర్మంలో కొంత భాగం తన చుట్టూ ఉన్న భాగం కంటే ముదురు రంగులోకి మారడాన్ని వైద్యులు హైపర్ పిగ్మెంటేషన్ అంటారు. ఇది ఒక వ్యాధి పేరు కాదు. అనేక కారణాల వల్ల కనిపించే ఒక లక్షణం. అందువల్ల కారణాన్ని గుర్తించిన తరువాతే చికిత్సను ఎంచుకోవాలి.

పుదుచ్చేరిలోని జిప్‌మర్ వైద్య సంస్థకు ఈ విషయంతో పాత సంబంధమే ఉంది. 1823లో ఫ్రెంచి పాలకులు నెలకొల్పిన వైద్య పాఠశాల ఈ సంస్థకు మూలం. 2008లో దీనికి జాతీయ ప్రాధాన్యం గల సంస్థ హోదా లభించింది. ఇక్కడి చర్మవ్యాధుల విభాగంలో ఆచార్యునిగా పనిచేసిన దేవిందర్ మోహన్ థప్పా, మంగు మచ్చల కారణాలు, చికిత్సా విధానాలపై 2004లో ఇండియన్ జర్నల్ ఆఫ్ డెర్మటాలజీలో సమీక్షా వ్యాసం ప్రచురించారు.

రంగు ఎలా ఏర్పడుతుంది?

చర్మం పైపొర అడుగున మెలనోసైట్లు అనే కణాలు ఉంటాయి. అవి మెలనిన్ అనే వర్ణద్రవ్యాన్ని తయారుచేసి చుట్టుపక్కల కణాలకు అందిస్తాయి. తెల్లని చర్మం గలవారిలోనూ, నల్లని చర్మం గలవారిలోనూ ఈ కణాల సంఖ్య దాదాపు సమానమే. తేడా అవి తయారుచేసే మెలనిన్ పరిమాణంలో, స్వభావంలో ఉంటుంది. ఎండ, హార్మోన్లు, వాపు, రాపిడి వంటివి ఈ కణాలను ప్రేరేపిస్తే వర్ణద్రవ్యం అధికంగా తయారవుతుంది. భారతీయుల చర్మంలో ఈ కణాలు సహజంగానే చురుకైనవి. కాబట్టి చిన్న గాయమైనా, మొటిమ అయినా మానిన తరువాత నల్ల మచ్చను మిగులుస్తుంది.

వర్ణద్రవ్యం పైపొరలోనే ఉంటే మచ్చ గోధుమ రంగులో కనిపిస్తుంది, చికిత్సకు త్వరగా స్పందిస్తుంది. లోపలి పొరలోకి జారితే బూడిద లేదా నీలి ఛాయ వస్తుంది. అటువంటి మచ్చ తగ్గడానికి ఎక్కువ కాలం పడుతుంది, కొన్నిసార్లు పూర్తిగా పోదు.

మంగు మచ్చలు

రెండు బుగ్గలపై, నుదుటిపై, పై పెదవి మీద దాదాపు సమానంగా పరుచుకొనే గోధుమ రంగు మచ్చలను తెలుగువారు మంగు అంటారు. వైద్య నామం మెలాస్మా. ఎండ, వంశపారంపర్యం, హార్మోన్ల మార్పులు దీనికి ముఖ్య కారణాలు. గర్భిణుల్లోనూ, గర్భనిరోధక మాత్రలు వాడేవారిలోనూ ఇది తరచుగా కనిపిస్తుంది. స్త్రీలలో ఎక్కువే అయినా పురుషులకూ వస్తుంది. 312 మంది రోగులపై జరిపిన ఒక భారతీయ అధ్యయనం 2011లో వెలువడింది. అందులో మూడింట ఒక వంతు మందికి కుటుంబంలో ఇదే సమస్య ఉన్నట్లు తేలింది.

మచ్చలన్నీ మంగు కావు

మెడ, చంకల మడతల్లో చర్మం నల్లగా, మందంగా, ముఖమల్ గుడ్డలా మారితే అది అకాంథోసిస్ నైగ్రికాన్స్ కావచ్చు. స్థూలకాయం, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం దీనికి సాధారణ కారణాలు. రుద్దితే ఇది పోదు. రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోవాలి. బరువు తగ్గితే చర్మం రంగు కూడా క్రమంగా మెరుగుపడుతుంది.

వేళ్ల కణుపులు, అరచేతులు నల్లబడటం బీ12 విటమిన్ లోపానికి సంకేతం కావచ్చు. ఈ సంబంధాన్ని 1963లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వివరించిన బృందంలో ప్రధాన రచయిత, పొరుగున ఉన్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేసిన ఎస్.జె. బేకర్. మాంసాహారం, పాల పదార్థాలు తక్కువగా తీసుకొనేవారు దీనిని గమనించాలి. లోపాన్ని సరిచేస్తే నలుపు తగ్గుతుంది.

చికున్‌గున్యా జ్వరం తగ్గిన తరువాత ముక్కుపై నలుపు మిగలడం ఆంధ్రప్రదేశ్ సహా పలు రాష్ట్రాలను ఆ వ్యాధి పీడించిన 2006 ప్రాంతంలో వైద్యుల దృష్టికి వచ్చింది. కుష్ఠు చికిత్సలో వాడే క్లోఫాజిమిన్, మొటిమలకు వాడే మినోసైక్లిన్ వంటి మందులు కూడా చర్మం రంగును మారుస్తాయి. శరీరమంతా, చిగుళ్లతో సహా నల్లబడి, నీరసం, బరువు తగ్గడం తోడైతే అడ్రినల్ గ్రంథి లోపాన్ని అనుమానించాలి.

ఇంటి అలవాట్లూ కారణం కావచ్చు. పసుపు, సున్నంతో చేసిన కుంకుమకు బదులు బజారులో దొరికే రసాయన రంగుల కుంకుమ కొందరికి నుదుటిపై నల్లని మచ్చను తెస్తుంది. తలకు వేసే రంగు పడకపోతే ముఖం, మెడ నల్లబడవచ్చు. నైలాన్ పీచుతో ఏళ్ల తరబడి వీపు, భుజాలు రుద్దుకొనేవారికి ఆ రాపిడి వల్లనే నలుపు వస్తుంది. నిమ్మరసం రాసుకొని ఎండలోకి వెళితే చర్మం కమిలి మచ్చలు పడతాయి.

దుకాణంలో కొన్న క్రీముతో ముప్పు

మచ్చలు పోగొడతాయని అమ్ముడయ్యే అనేక క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటుంది. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, స్టెరాయిడ్ కలిపిన మిశ్రమం మెలాస్మాకు గుర్తింపు పొందిన చికిత్సే. అయితే అది వైద్యుని పర్యవేక్షణలో, కొద్ది వారాలకే పరిమితం కావలసిన మందు. తొలి రోజుల్లో ముఖం తేటగా కనిపించడంతో చాలామంది నెలలు, ఏళ్లు కొనసాగిస్తారు. అప్పుడు చర్మం పలచబడుతుంది, ఎర్రని నరాలు తేలుతాయి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. మానేస్తే మంట, ఎరుపు తిరగబెడతాయి కాబట్టి మానలేని స్థితి ఏర్పడుతుంది.

దేశంలోని 12 చర్మవ్యాధుల కేంద్రాల్లో 2,926 మందిని పరిశీలించిన అధ్యయనం 2011లో వెలువడింది. వారిలో 433 మంది ముఖానికి స్టెరాయిడ్ రాసుకొంటున్నారు. ఈ 433 మందిలో 59 శాతానికి దానిని సూచించినవారు వైద్యులు కారు. 2018 మార్చిలో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 14 స్టెరాయిడ్ పూత మందులను షెడ్యూల్ హెచ్ పరిధిలోకి తెచ్చింది. అంటే వైద్యుని చీటీ లేకుండా వీటిని అమ్మరాదు. కొనేవారు కూడా చీటీ లేకుండా అడగడం మానుకోవాలి.

పాదరసం మరో ప్రమాదం. 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు వరకు కేరళలోని కొట్టక్కల్‌లో మూత్రపిండాల వ్యాధితో గుర్తించిన 22 మందిలో 15 మందికి ఒక ప్రత్యేక రకం జబ్బు ఉన్నట్లు తేలింది. ఆ 15 మందిలో 13 మంది చర్మాన్ని తెల్లబరిచే క్రీములు వాడినవారే. తయారీదారు పేరు, పదార్థాల వివరాలు లేని క్రీములను కొనరాదు.

చికిత్స ఏ క్రమంలో?

ఏ మచ్చకైనా మొదటి మందు ఎండ నుంచి రక్షణ. ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకు మించిన సన్‌స్క్రీన్‌ను రెండు వేళ్ల పొడవునా తీసి ముఖానికి, మెడకు పట్టించాలి. బయట ఉన్నప్పుడు రెండు గంటలకొకసారి మళ్లీ రాయాలి. కంటికి కనిపించే కాంతి కూడా మంగును పెంచుతుంది. అందువల్ల ఐరన్ ఆక్సైడ్ ఉన్న, లేత రంగు కలిపిన సన్‌స్క్రీన్ మేలు. గొడుగు, టోపీ ఖర్చు లేని రక్షణ.

పూత మందుల్లో హైడ్రోక్వినోన్ ప్రధానమైనది. దీనిని నిర్ణీత నెలల పాటే వాడాలి. దీర్ఘకాలం వాడితే చర్మం నీలి నలుపుగా మారే ప్రమాదం ఉంది. అజెలాయిక్ ఆమ్లం, కోజిక్ ఆమ్లం ఇతర ప్రత్యామ్నాయాలు. గర్భిణులు ట్రెటినాయిన్, హైడ్రోక్వినోన్ వాడరాదు. వారికి అజెలాయిక్ ఆమ్లం సురక్షితమైనదిగా భావిస్తారు. ప్రసవం తరువాత మంగు తనంతట తాను తగ్గే అవకాశమూ ఉంది.

మొండి మచ్చలకు ట్రానెక్సామిక్ ఆమ్లం మాత్రలను తక్కువ మోతాదులో ఇస్తారు. ఇది రక్తస్రావాన్ని అరికట్టే మందు. రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారికి ఇవ్వరు. గ్లైకాలిక్ ఆమ్లపు పీల్, లేజర్ చికిత్సలు తరువాతి మెట్టు. మన చర్మంపై లేజర్ తీవ్రత ఎక్కువైతే ఉన్న మచ్చ మరింత నల్లబడవచ్చు. కనుక వీటిని శిక్షణ పొందిన నిపుణుల వద్దనే చేయించుకోవాలి.

ఫలితం కనిపించడానికి సాధారణంగా రెండు, మూడు నెలలు పడుతుంది. ఎండ జాగ్రత్తలు మానితే మంగు తిరిగి వస్తుంది. ఏడు రోజుల్లో మాయం చేస్తామనే ప్రకటనలను నమ్మరాదు.

మచ్చ హఠాత్తుగా వచ్చినా, వేగంగా పెరిగినా, అంచులు వంకరగా మారినా, రక్తం కారినా ఆలస్యం చేయకుండా వైద్యుని కలవాలి. వెళ్లేటప్పుడు ఇంతవరకు వాడిన క్రీములు, మాత్రలు అన్నింటినీ వెంట తీసుకెళ్లాలి. ఖాళీ ట్యూబును కూడా పారేయవద్దు. దానిపై ఉన్న పేరే తరచుగా రోగ నిర్ధారణకు తొలి ఆధారమవుతుంది. చికిత్స లక్ష్యం చర్మాన్ని తెల్లబరచడం కాదు, దాని సహజమైన రంగును దానికి తిరిగి ఇవ్వడం.