పాత సైకిలు భాగములు – కొత్త బండి

మూలపడిన సైకిలు నిజముగా పనికిరానిదేనా? అమెరికాలో 1984లో ఏర్పడిన ‘బైక్స్ నాట్ బాంబ్స్’ అను సంస్థ, జనులు విడిచిన సైకిళ్ళను సేకరించి, మొదట నికరాగ్వా దేశమునకు పంపినది. ఇట్టి మరమ్మతు సంఘములకు విరాళముగా వచ్చిన పాత బండ్లే విడిభాగముల గనులు. ఒకదాని చక్రము, మరొకదాని పెడలు కలిసి ఒక మంచి బండి తయారగును.

కాని ఏ భాగమైనను ఏ బండికైనను అమరునా? అమరదు. 26 × 1⅜ అంగుళముల టైరు 590 మిల్లీమీటర్ల రిమ్ముపై కూర్చుండును. 26 × 2.0 టైరునకు 559 మిల్లీమీటర్ల రిమ్ము కావలెను. అంగుళముల లెక్క టైరు వెలుపలి వ్యాసమును ఉజ్జాయింపుగా మాత్రమే తెలుపును. కనుక టైరు ప్రక్కన ‘37-590’ వంటి అంకెలను చూడవలెను. మొదటిది వెడల్పు, రెండవది టైరు రిమ్ముపై కూర్చుండుచోట వ్యాసము.

చైను సంగతి వేరు. అందు ఒక పిన్ను నుండి తరువాతి పిన్నునకు దూరము అర అంగుళము. 24 దూరములు కలిసి సరిగా ఒక అడుగు. వాడుకలో పిన్నులు అరిగి ఈ పొడవు పెరుగును. అది 12 1/16 అంగుళములైనచో ఆ చైనును తీసివేయవలెను. లేనిచో అది పళ్ళచక్రమునుగూడ పాడుచేయును.

బ్రేకు తీగలు, బ్రేకు రబ్బర్లు మాత్రము కొత్తవే కొనుట మేలు. పగిలిన ఫోర్కును ఎంత చౌకగా దొరికినను వాడరాదు. పొదుపు ప్రాణముకంటె గొప్పది కాదు గదా!

విద్యార్థులారా, అడుగుబద్ద తీసికొని నేడే మీ సైకిలు చైనును కొలిచి చూడుడు.