మోగించే చెయ్యి మనదే

ఆర్టీసీ బస్సుల్లో డ్రైవరు క్యాబిన్ దగ్గర ఒక హెచ్చరిక రాసి ఉంటుంది, డ్రైవరుతో మాట్లాడరాదని. పొగ తాగరాదు, చేతులు బయట పెట్టరాదు అనే రాతల మధ్య దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. డ్రైవరుకు విసుగొస్తుందని రాశారనుకునేవాళ్లూ ఉన్నారు. డిపోలో సేఫ్టీ డ్రైవింగ్ ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేసి రిటైరైన నాకు మాత్రం ఆ రాతలన్నిటిలోకీ అదే ముఖ్యం. స్టీరింగు తిప్పేవి చేతులే, బ్రేకు తొక్కేది కాలే. ఎప్పుడు తిప్పాలో, ఎప్పుడు తొక్కాలో చెప్పాల్సింది బుర్ర. అది వేరే మాటలో పడితే కళ్లు తెరిచి ఉన్నా ఒకటే, మూసి ఉన్నా ఒకటే.

మా రోజుల్లో ఇంజను బానెట్ మీద కూర్చుని డ్రైవరుకు కబుర్లు చెప్పే ప్రయాణికుణ్ణి కండక్టరు లేపి వెనక్కి పంపేవాడు. ఇప్పుడు ఆ కబుర్లు చెప్పేవాళ్లు బండిలో లేరు. నూటయాభై కిలోమీటర్ల అవతల ఇంట్లో సోఫాలో కూర్చుని ఉన్నారు. వాళ్లను లేపే కండక్టరెవరు?

మొన్నామధ్య మా అన్నయ్య కొడుకు కార్లో విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లాను. కుర్రాడు బాగానే నడుపుతాడు. బెల్టు పెట్టుకుంటాడు, ఇండికేటర్ వెయ్యకుండా లైను మారడు. కొర్లపహాడ్ టోల్‌గేటు దాటాక వాళ్ల ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. కారు స్పీకర్లలో అవతలి మనిషి గొంతు. ఏదో బిల్లు ఆగిందట, ఎవరో సంతకం పెట్టలేదట. నకిరేకల్ వెనకబడింది, కట్టంగూర్ వచ్చింది, ఆ బిల్లు మాత్రం తెమల్లేదు. ఫోను పెట్టేశాక అడిగాను.

“ఏరా, ఇందాక ఎడమ పక్కన ఆగి ఉన్న లారీని చూశావా?”

“ఏ లారీ బాబాయ్?”

“సగం రోడ్డు మీదే ఉంది. వెనక ఒక చెట్టు కొమ్మన్నా పెట్టలేదు. నువ్వు దాని పక్క నుంచే వచ్చావు.”

కాసేపు ఆలోచించాడు. “గుర్తు లేదు. అయినా నేను మాట్లాడింది బ్లూటూత్‌లోనేగా? చేతులు రెండూ స్టీరింగు మీదే ఉన్నాయి.”

ఈ జవాబు ఒక్క మా వాడిదే అనుకోకండి. ఫోను చెవి దగ్గర లేకపోతే ప్రమాదం లేనట్టేనని చదువుకున్నవాళ్లు కూడా గట్టిగా నమ్ముతున్నారు. అలవాటైన చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి, కాబట్టే మా వాడు ఆ లారీని తప్పించాడు. లారీ చాటు నుంచి క్లీనరు ఒక అడుగు రోడ్డు మీదకు వేసి ఉంటే, ఆ సంగతి చేతులకు చెప్పాల్సిన బుర్ర బిల్లు దగ్గరుంది.

శిక్షణలో డ్రైవరు చేత చూసింది చూసినట్టు పైకి చెప్పించే పద్ధతి ఒకటుంది. కామెంటరీ డ్రైవింగ్ అంటారు. ‘ముందు ఆటో, చెయ్యి బయట పెట్టాడు. ఎడమ పక్క సైకిలు. అద్దంలో లారీ, డిప్పర్ కొడుతున్నాడు. బడి గేటు తెరిచి ఉంది, పిల్లలు రావచ్చు.’ అలవాటైన డ్రైవరు దీన్ని గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. మధ్యలో ‘మీ పాప పరీక్ష ఎలా రాసింది?’ అని అడిగి చూడండి. జవాబు మొదలుపెట్టగానే రోడ్డు మీది సంగతులు ఆగిపోతాయి. కాసేపటికి మళ్లీ అందుకుంటాడు గానీ ఈలోపు దాటిపోయిన సైకిలు, దాటిపోయిన బడి గేటు లెక్కలో ఉండవు. డ్రైవరు మనసు రోడ్డు మీద ఉందా, ఇంకెక్కడైనా ఉందా అన్నది తేల్చడానికి ఇంతకన్నా సులువైన పరీక్ష నాకు తెలీదు.

శాస్త్రవేత్తలు దీన్నే కొలిచి చూపించారు. కెనడాలోని టొరంటోలో రెడెల్‌మైయర్, టిబ్షిరానీ అనే ఇద్దరు పరిశోధకులు, యాక్సిడెంట్ చేసిన 699 మంది డ్రైవర్ల ఫోను బిల్లులు తీసుకుని, ప్రమాదం జరిగిన సమయంతో పోల్చి చూశారు. 1997లో వాళ్ల ఫలితం వెలువడింది. ఫోన్లో ఉన్నప్పుడు గుద్దే అవకాశం సుమారు నాలుగు రెట్లు. చేత్తో పట్టుకోకుండా మాట్లాడే ఫోనుతో కూడా లాభమేమీ కనిపించలేదు. ఇది స్మార్ట్‌ఫోన్లు రాకముందు, ఫోనంటే ఒట్టి మాటే అయిన రోజుల ముచ్చట.

అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో డేవిడ్ స్ట్రేయర్ బృందం చేసిన పరీక్ష ఇంకా సూటిగా ఉంటుంది. 40 మందిని సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి మామూలుగానూ, ఫోన్లో మాట్లాడిస్తూనూ, మందు తాగించీ విడివిడిగా నడిపించారు. తాగించింది తక్కువేమీ కాదు, రక్తంలో 100 మిల్లీలీటర్లకు 80 మిల్లీగ్రాముల దాకా. మన దేశంలో 30 దాటితేనే కేసు. తాగినవాళ్లు దూకుడుగా, ముందు బండికి బాగా దగ్గరగా పోయారు. ఫోన్లో ఉన్నవాళ్లు బ్రేకు వెయ్యడంలో ఆలస్యం చేశారు, ముందు బండిని వెనక నుంచి గుద్దింది కూడా వాళ్లే. 2006లో ఈ ఫలితం అచ్చయింది. తాగి నడపడాన్ని ఇంటిల్లిపాదీ తప్పంటారు. ఫోన్లో మాట్లాడుతూ నడిపితే మాత్రం ‘పాపం, ఎంత బిజీయో’ అంటారు!

మరి పక్కన కూర్చున్నవాళ్లతో మాట్లాడితే ప్రమాదం లేదా అని మా వాడే అడిగాడు. మంచి ప్రశ్న. ఆ యూటా బృందమే దీన్నీ పరీక్షించింది. సిమ్యులేటర్ రోడ్డు మీద కొన్ని మైళ్ల తర్వాత వచ్చే విశ్రాంతి స్థలం దగ్గర పక్కకు తిరిగి ఆపాలని డ్రైవర్లకు ముందే చెప్పారు. పక్కన స్నేహితుడున్నవాళ్లలో ఎక్కువమంది సరిగ్గానే ఆపారు. ఫోన్లో స్నేహితుడున్నవాళ్లలో సగం మంది ఆ మలుపు దాటిపోయారు. పక్కనున్న మనిషికి కూడా రోడ్డు కనిపిస్తుంది. లారీ అడ్డం వస్తే మాట ఆపేస్తాడు, ‘అదిగో ఆటో’ అని చెబుతాడు. ఫోన్లో మనిషికి ఆటో కనిపించదు. పైగా మనం రెండు సెకన్లు ఆగితే ‘హలో, హలో, వినపడుతోందా?’ అని గట్టిగా అరుస్తాడు.

ఫోను పెట్టెయ్యగానే మనసు రోడ్డు మీదకు వచ్చేస్తుందా అంటే అదీ లేదు. కారుకు మాటలతో ఆదేశాలిచ్చే పరికరాల మీద అమెరికాలో రోడ్డు భద్రత కోసం పనిచేసే ట్రిపుల్ ఏ ఫౌండేషన్ 2015లో అధ్యయనం చేయించింది. కొన్ని పరికరాల విషయంలో పని ముగిశాక కూడా 27 సెకన్ల దాకా ధ్యాస పూర్తిగా రోడ్డు మీదకు రాలేదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో 27 సెకన్లంటే 600 మీటర్లు.

ఇదంతా మాట సంగతి. వాట్సాప్ చూడటం, రీల్స్ చూడటం దీనికి పై మెట్టు. 80 వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. ఫోను తీసి, ఎవరు పంపారో చూసి, మళ్లీ పెట్టడానికి ఐదు సెకన్లు అనుకున్నా 111 మీటర్లు. ఆర్టీసీ బస్సులు తొమ్మిదింటిని బారుగా నిలబెడితే దాదాపు అంత పొడవు. మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కల ప్రకారం, అదే 80 వేగంలో పోయే బండి డ్రైవరు అడ్డాన్ని చూసి, గ్రహించి, బ్రేకు తొక్కి ఆగడానికి 120 మీటర్లు కావాలి. అందులో గ్రహించి కదలడానికే రెండున్నర సెకన్లు ఇచ్చారు. అయితే ఆ లెక్క కళ్లు రోడ్డు మీద ఉన్నవాడికి. ఫోను చూసేవాడు ఆ లెక్క మొదలయ్యేలోపే 111 మీటర్లు ఖర్చు పెట్టేశాడు.

మోటారు సైకిలు సంగతి చెప్పాలంటే కడుపు మండుతుంది. ఫోను పట్టేలా హెల్మెట్ బెల్టు వదులు చేసి చెంపకూ హెల్మెట్‌కూ మధ్య ఇరికిస్తారు. పడిన రోజున ముందు ఊడేది ఆ హెల్మెటే. హెల్మెట్ లేనివాడు మెడ వంచి భుజానికి అదుముకుంటాడు. తల ఒక పక్కకు వాలితే ఒళ్లూ వాలుతుంది, బండీ వాలుతుంది. ఊరి మొదట్లో రంగు వెయ్యని స్పీడ్ బ్రేకర్ ఒక్కటి చాలు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. అందులో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల వాళ్లే. వీళ్లలో ఫోను వల్ల పోయినవాళ్లెందరో కాగితాల మీద సరిగ్గా తేలదు. గుద్దిన మరుక్షణం ఫోను జేబులోకి పోతుంది. పదింట ఏడు మరణాలు అతివేగం ఖాతాలో పడ్డాయి. ఆ వేగంలో కళ్లు ఎక్కడున్నాయన్న కాలమ్ ఎవరు పూరిస్తారు?

ఫోనొక్కటే శత్రువని నేననను. కాళ్ల దగ్గర పడేసిన నీళ్ల సీసా దొర్లి బ్రేకు పెడల్ కిందకు పోతే ఎంతటి డ్రైవరూ ఏమీ చెయ్యలేడు. సీసా తలుపు అరలోనే ఉండాలి. వక్కపొడి ప్యాకెట్ పళ్లతో చింపుతూ ఓవర్‌టేక్ చేసేవాళ్లున్నారు. కొండ మీద గుడి కనిపించగానే స్టీరింగు వదిలి రెండు చేతులూ జోడించేవాళ్లను చూస్తే నాకే దేవుడు గుర్తొస్తాడు. మనసులో దణ్ణం పెట్టుకుంటే ఆయన కాదంటాడా? వెనక సీట్లో పిల్లలు కొట్టుకుంటుంటే వెనక్కి తిరిగి అరవడం కన్నా, బండి పక్కకు తీసి ఆపి అరవడం మేలు.

అసలు సంగతికొస్తాను. ఫోను ఎత్తేవాణ్ణి అందరం తిడతాం. చేసేవాళ్ల మాటేమిటి? కారు చౌటుప్పల్ చేరేలోపు అమ్మ ఒకసారి, భార్య ఒకసారి ‘ఎక్కడిదాకా వచ్చావు?’ అని అడుగుతారు. చెబితే దూరమేమన్నా తగ్గుతుందా? ప్రేమతోనే అడుగుతారు, కాదనను. ఆ ప్రేమే వాడి ధ్యాసను రోడ్డు మీంచి లాగేస్తోంది. బిర్యానీ ఆర్డరిచ్చి, మ్యాపులో స్కూటర్ బొమ్మ కదులుతూనే ఉంటే కూడా ‘అన్నా, ఎక్కడున్నావ్?’ అని ఫోను చేస్తాం. ఆ కుర్రాడు ఎత్తకపోతే రేటింగు పోతుందని భయం, ఎత్తితే ప్రాణానికి భయం.

అన్నిటికన్నా నాకు భయం వేసేది స్కూలు వ్యాను డ్రైవరు ఫోను మోగినప్పుడు. ‘మా బాబు ఎక్కాడా?’ ‘ఇంకా రాలేదేం?’ ఒక్కో ఇంటి నుంచి ఒక్కో ఫోను. వ్యాను నిండా మన పిల్లలే. 2018 ఏప్రిల్ 26న ఉత్తరప్రదేశ్‌లోని కుశీనగర్ జిల్లాలో కాపలా లేని రైల్వే గేటు దగ్గర స్కూలు వ్యానును రైలు గుద్దింది. 13 మంది పిల్లలు చనిపోయారు. డ్రైవరు చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నాయని, బండ్లను హెచ్చరించడానికి అక్కడ పెట్టిన గేట్ మిత్ర ఆపమని కేకలు వేసినా వినిపించుకోలేదని అధికారులు అప్పట్లో చెప్పారు. ఇయర్‌ఫోన్లలో పాట వస్తోందా, మాట వస్తోందా అన్నది ఇక ఎవరికి కావాలి?

చట్టం ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షను, చేత్తో ఫోను వాడుతూ నడపడాన్ని ప్రమాదకర డ్రైవింగులో చేర్చింది. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి నుంచి ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. దారి చూసుకోవడానికి మాత్రం, అదీ ధ్యాస చెదరకుండా, వాడుకోవచ్చని 2020 అక్టోబరు నుంచి నిబంధన వచ్చింది. బ్లూటూత్ మాటలను పట్టుకోవడానికి కెమెరాలు పనికిరావు కాబట్టి వాటిని మనమే ఆపుకోవాలి.

నడిపేవాళ్లు చెయ్యాల్సింది పెద్దగా ఏమీ లేదు. కీ తిప్పకముందే మ్యాపులో ఊరు పెట్టండి, పాటలు పెట్టుకోండి, సీటూ అద్దాలూ సర్దుకోండి. ఫోన్లో డ్రైవింగ్ మోడ్ ఉంటుంది, పెట్టుకుంటే ‘బండి నడుపుతున్నాను’ అని అదే జవాబు పంపుతుంది. పెట్టడం రాకపోతే ఇంట్లో పిల్లల్ని అడగండి, చిటికెలో పెడతారు. తర్వాత ఫోనును చెయ్యి అందని చోట, వెనక సీటు మీద బ్యాగులో పడెయ్యండి. పక్కన మనిషి ఉంటే ఫోను వాళ్ల చేతికివ్వండి. టీ కోసం ఎలాగూ ఆగుతారు, అప్పుడు అందరికీ తిరిగి చెయ్యండి. ‘కోదాడలో ఒకసారి, చిట్యాలలో ఒకసారి నేనే చేస్తాను, ఈలోపు మీరు చెయ్యొద్దు’ అని ఇంట్లో చెప్పి బయల్దేరితే సగం బాధ తీరుతుంది.

ఇళ్లలో ఉండేవాళ్లకు, ఆఫీసుల్లో పై కుర్చీల్లో కూర్చునేవాళ్లకు నా మనవి ఒక్కటే. ఫోను ఎత్తగానే ‘బండి మీద ఉన్నావా?’ అని మొదట అడగండి. ఔనంటే ‘ఆగాక నువ్వే చెయ్యి’ అని వెంటనే పెట్టెయ్యండి. స్కూలు వ్యాను సంగతి తెలుసుకోవాలంటే ఆయాకు చెయ్యండి, లేదా బడికి చెయ్యండి. నడిపేవాడికి మాత్రం చెయ్యకండి.